ఎరవుసొమ్ము వీరత్వము

గత వేసవిలో నొక మధ్యాహ్నము శ్రీశైలము రహదారిప్రక్కన, కందుకూరు కూడలిలో, బస్సుకొఱకు నీడపట్టున నిలిచియుంటిమి. కాకులు సైతము నోళ్లు తెఱచుకొని కొమ్మల నడుమ దాగినవి. అట్టివేళ మా పూర్వవిద్యార్థి యొకడు మోటారుసైకిలుపై వచ్చి మాకు నమస్కరించెను. వాని యొంటిమీద నొక దళసరి కోటు. మెడవఱకు లాగిన జిప్పు. ఱొమ్ముమీద రెండు, నడుమునకు దిగువ రెండు, వెరసి నాలుగు జేబులు. మెడపట్టీలో చుట్టి దాచిన తలముసుగు. బట్టయంతయు ఆకుపచ్చ, గోధుమ, నలుపు వన్నెల మరకల యచ్చు. చెమట కణతలనుండి ధారగా దిగుచున్నది. "నాయనా, జ్వరమా?" అని యడిగితిమి. వాడు నవ్వి, "కాదు సార్, మిలటరీ జర్కిన్. పాతకాలం మోడల్. అమెరికోళ్లు యుద్ధంల తొడిగిన్రంట. నాలుగువేలకు వచ్చింది" అనెను.

జ్వరము కాదనిన వాని మాటను మేము నమ్మలేదు. అది దేహమునకు వచ్చిన జ్వరము కాకపోవచ్చును గాని, యూరూరను వ్యాపించుచున్న తాపమనుటకు సందేహము లేదు. అంగడిలో చూచినను, బస్సులో చూచినను, పెండ్లి బారాతులో చూచినను ఈ మరకల బట్టయే. చొక్కా, లాగు, టోపీ, సంచి, చంటిపిల్లల జుబ్బా, తుదకు నీళ్లసీసాకు తొడిగెడి గవుసెన గూడ. "ఎరవుసొమ్ము బరువు చేటు" అని మన పెద్దలు చెప్పిరి. ఎరవు తెచ్చిన నగ ఒక పూట మెడలో మెఱసి, మఱునాడు తిరిగి యిచ్చునపుడు తలవంపు తెచ్చును. ఎరవు తెచ్చిన వీరత్వమునకు అట్టి తలవంపైనను లేకుండుట మేము నేడు వ్రాయుటకు పూనుకొన్న కారణము.

బట్టలనుగూర్చి యింత రచ్చ యేలయని చదువరులు విసుగుకొనవచ్చును. మేము పరుల బట్టలకు కొలతలు నిర్ణయించువారము కాము. స్త్రీలు ఏమి కట్టవలయునో, బాలికలు ఎట్లు జడవేసికొనవలయునో శాసింప బయలుదేరు పెద్దమనుష్యుల పంక్తిలో మేము ఎన్నడును కూర్చుండలేదు, ఇకమీదను కూర్చుండము. ఎవని సొమ్ము వానిది, ఎవని యొడలు వానిది. కాని బట్ట మాటలాడును. నల్లకోటు న్యాయవాదియని చెప్పును, తెల్లకోటు వైద్యుడని చెప్పును. ఖద్దరు ఒకనాడు దేశముకొఱకు నోమిన నోమని చెప్పెను. నోము విడిచినవారు దానిని కట్టినపుడు లోకము నవ్వెను. బట్ట మాటలాడునదైనపుడు అది నిజము చెప్పుచున్నదా యని యడుగుట తప్పు కాదుగదా.

ముందుగా ఆ కోటు కథ. రెండవ ప్రపంచయుద్ధమున, 1943వ సంవత్సరమున, అమెరికా సైన్యము తన సైనికులకు నొక క్రొత్త కోటు నిచ్చెను. చలి హెచ్చినకొలది లోపల నొక పొర, పైన నొక పొర వేసికొనుటకు వీలుగా దానిని కుట్టిరి. దాని వంశమున 1951లో నొకటి, 1965లో మఱియొకటి పుట్టెను. ఈ కడపటి దానినే నేడు లోకమంతయు 'ఎం–65' అని పిలుచుచున్నది. మెడపట్టీలో ముసుగు గాలివానలకొఱకు. నడుములోని త్రాడు గాలి చొరకుండుటకొఱకు. లోపల బొత్తాములతో తగిలించు దూదిపొర మంచుకొఱకు. నాలుగు పెద్ద జేబులు నాలుగు దినముల యక్కఱలకొఱకు. ఆ కోటులో నిష్కారణమైన కుట్టు ఒక్కటియు లేదు. ఆ కారణములలో ఒక్కటియు కందుకూరులో లేదు.

ఇంతకంటె వింత యొకటి కలదు. 1943 నాటి కోటు ఒకేవన్నె బట్టతో వచ్చినది. మాసిన యాకుపచ్చ తప్ప దానిపై ఏ మరకయు లేదు. 1965 నాటిదియు మొదట అట్లే వచ్చెను. అడవి మరకల యచ్చు అమెరికా సైనికుల సాధారణ దుస్తులలోనికి వచ్చినది 1981లో. నేటి వర్తకులు 1943 నాటి కుట్టునకు 1981 నాటి యచ్చును జతచేసి, యంత్రములలో రాళ్లతో ఉతికి, అంచులు గీకి, వన్నె దింపి, 'పాతకాలపు వస్తువు' అని యమ్ముచున్నారు. నాటకములో ప్రతాపరుద్రునికి చేతిగడియారము తొడిగినచో మన పల్లెటూరి ప్రేక్షకుడు సైతము ఈల వేయును. ఇక్కడ నాలుగువేలు చెల్లించి చప్పట్లు కొట్టుచున్నాడు. ఏ సైనికుడును తొడుగని కోటునకు, ఏ యుద్ధమునను పడని చిరుగులు పెట్టి, జరుగని జ్ఞాపకమును అమ్ముచున్నారు. తాత మరణించిన ఇంట తాతచెప్పులు దాచుకొనుట మమకారము. లేని తాతకు చెప్పులు కుట్టించి, అరగదీసి, అటకమీద పెట్టుట యేమనవలయునో చదువరులే చెప్పుదురు గాక.

ఇక బట్ట కథ. యుద్ధములలో సైనికుడు మెఱయవలెనని రాజులు కోరిన కాలమొకటి కలదు. ఆంగ్లేయుల పటాలములు ఎఱ్ఱకోట్లతో నడచినవి. 1846లో పెషావరు ప్రాంతమున హారీ లమ్స్‌డెన్ అను నధికారి కూర్చిన గైడ్సు దళము దుమ్మువన్నె దుస్తులు తొడిగెను. పారసీకమున 'ఖాక్' అనగా ధూళి; ఖాకీ యనగా ధూళివన్నెది. ఆ ధూళి మన దేశపు ధూళియే. దూరముగా కాల్చు తుపాకులు వచ్చినపిదప ఎఱ్ఱకోటు మృత్యువునకు పిలుపువలె నయ్యెను గనుక, బోయరు యుద్ధము ముగియునప్పటికి, అనగా 1902 నాటికి, ఖాకీయే గెలిచెను. అయినను 1914లో ఫ్రెంచి పదాతులు ఎఱ్ఱని లాగులతోనే యుద్ధభూమికి పోయి, కుప్పలుగా కూలిరి. మఱుసటి సంవత్సరమే ఫ్రెంచి సైన్యము చిత్రకారులను చేర్చుకొని, ఫిరంగులకు, గుడారములకు, వాహనములకు చెట్టువన్నె మట్టివన్నె మరకలు పూయించుటకు నొక ప్రత్యేకశాఖను స్థాపించెను. 1929లో ఇటలీవారు అట్టి మరకలను గుడారపు బట్టమీద అచ్చువేయించిరి. అక్కడనుండి ఆ యచ్చు సైనికుని దేహమునకు ప్రాకెను.

ఈ చరిత్రలో ఒక్క సంగతి చదువరులు గమనింపవలయును. ఆ మరకలలో అలంకారము లేదు. ఎదుటివాని తుపాకికి గుఱి దొరకకుండ మనుష్యుని యాకారమును చెఱుపుట వాని ప్రయోజనము. ఆ బట్ట పుట్టుకకు మూలము భయము. భయమనగా పిఱికితనము కాదు, ప్రాణమెఱిగినవాని జాగ్రత్త. తల్లి తన బిడ్డను చీకటిలో కొంగుచాటున దాచుకొనుటవంటిది అది.

ఈ సంగతిని మాకు పుస్తకములు నేర్పలేదు, నేర్పినవాడు వేఱొకడు. అది చెప్పుటకు మా తప్పును మేమే ఒప్పుకొనవలసి యున్నది. కొన్నియేండ్ల క్రిందట, మేము పనిచేయు పాఠశాలలో స్వాతంత్ర్యదినోత్సవమునాడు పదునాఱుగురు పిల్లలకు ఈ మరకల దుస్తులు కుట్టించి, చేతులకు కొయ్యతుపాకులిచ్చి, పాటపెట్టి గంతులు వేయించితిమి. పాట నడుమ నలుగురు పిల్లలు గుండ్లు తగిలినట్లు పడిపోవలెను. మిగిలినవారు వారిమీద జెండా కప్పవలెను. తల్లిదండ్రులు ఫోనులు పైకెత్తి బొమ్మలు పట్టిరి. కొందఱు కన్నీరు తుడుచుకొనిరి. మేము వేదికప్రక్కన నిలిచి, మా ప్రజ్ఞకు మేమే మురిసితిమి. ముందువరుసలో, మేమే పిలిచి కూర్చుండబెట్టిన విశ్రాంత హవల్దారొకరు, పాట ముగియకముందే లేచి పోయిరి.

సాయంకాలము వారి యింటికి పోయి, ఏమి లోపము జరిగెనని యడిగితిమి. వారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "సారూ, మేము కనబడొద్దని తొడుగుకున్న బట్ట ఇది. మీరు పోరగాండ్లకు కనబడాల్నని తొడుగుతున్నరు. నా పక్కన పడ్డోడు పాటకు పడలే" అనిరి. అంతియే. తమ దుస్తులు ఎక్కడనున్నవని మేము అడుగగా, మంచము క్రింది యినుపపెట్టెను చూపిరి. ఊరిలో నెన్నడైన తొడిగితిరా యనిన, "అది నా అంగి గాదు సారూ, పల్టన్‌ది" అని జవాబు. మేము చదివిన సంస్కృతమును, ఆంగ్లమును ఆ మాటయెదుట అక్కఱకు రాలేదు. మఱుసటి సంవత్సరమునుండి ఆ ఆట మానితిమి. కాని, ఆ పదునాఱుగురిలో నొకడే నేడు కందుకూరు కూడలిలో చెమటలు కార్చుచు మాయెదుట నిలిచిన జర్కిను కుఱ్ఱడు. కనుక ఈ వ్యాసమున మేము విసరు రాళ్లలో మొదటిది మా తలమీదనే పడుచున్నది.

సైనికులు కానివారు సైనికవేషము వేసినపుడు ఏమగునో తెలియుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. ఈ నేల హైదరాబాదు సంస్థానములోనిది. 1947, 1948 సంవత్సరములలో రజాకార్లు సైనికులవలె దుస్తులు తొడిగి, కవాతులు చేసి, పల్లెలమీద పడిన కాలమును మా తాతలు చూచిరి. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానములో ప్రవేశించి, 17 నాటికి ఆ యధ్యాయమును ముగించువఱకు, వేషము చూచి తలుపులు బిగించుకొనుట యింటింటి యలవాటు. పిమ్మట గూడ ఆ భయము పూర్తిగా పోలేదు. మాయూరిమీదుగా పోవు ఈ రహదారియే ముందునకు సాగి నల్లమల యడవి చొచ్చును. ఆ యడవి యంచు పల్లెలలో కొన్ని దశాబ్దములపాటు పచ్చబట్ట కనబడినచో రైతు గుండె జల్లుమనెడిది. వచ్చినవారు 'అన్నలో', 1989లో ఏర్పడిన గ్రేహౌండ్సు దళమువారో చీకటిలో తెలియదు. అన్నము పెట్టిన నొక తప్పు. పెట్టకున్న మఱియొక తప్పు. ఆ పల్లెలలో ముసలమ్మలకు ఈ బట్ట నేటికిని ముద్దుగా కనబడదు. వారి మనుమలకు అది 'స్టయిలు'. ఒక తరమునకు నిద్ర చెఱచిన బట్ట మఱియొక తరమునకు బారాతు దుస్తులగుటకు నడుమ ఎవ్వరును ఏమియు చెప్పకపోవుట మన చదువునకే సిగ్గు.

వేషముచేత మోసపోవుట నిన్నటితో ముగిసిన కథయు కాదు. 2016 జనవరి 2న పఠాన్‌కోట వైమానిక స్థావరముమీద పడినవారు సైనికదుస్తులతోనే వచ్చిరి. ఆ నెలలోనే సైన్యము, ప్రజలు సైనికుల యచ్చు దుస్తులు తొడుగవలదనియు, వర్తకులు అమ్మవలదనియు వినతి చేసెను. 2025 ఏప్రిలు 22న పహల్గాములో ఇరువదియాఱుగురిని చంపినవారును సైనికులవంటి దుస్తులలో వచ్చిరని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. వారిని కాపాడుటకు నిజమైన సైనికులు పరుగెత్తుకొని వచ్చినపుడు, ఆ దుస్తులు చూచియే స్త్రీలు పిల్లలను హత్తుకొని వణకిరని వార్తలలో వచ్చెను. రక్షించుటకు వచ్చినవాడు తాను రక్షకుడనని చేతులు జోడించి చెప్పుకొనవలసి వచ్చుటకంటె ఆ దుస్తులకు వేఱు అవమానము కలదా? ఒక గుర్తును నమ్ముటకు వీలులేకుండ చేయుట, ఒక నాణెమును చెల్లకుండ చేయుటవంటిది. దొంగనాణెము తయారుచేసినవాడు ఒక్కడే కావచ్చును. కాని చేతులు మార్చినవారందఱును దానిని చెలామణి చేసినవారే.

చట్టము దీనిని పట్టించుకొనలేదా యందురేమో. పట్టించుకొనెను, కాని దాని పరిమితి దానిది. భారతీయ శిక్షాస్మృతి 140వ సెక్షనులో నుండిన నిబంధన, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 168వ సెక్షనుగా నున్నది. సైనికుడు కానివాడు, తాను సైనికుడనని యితరులు నమ్మవలెనను నుద్దేశముతో అట్టి దుస్తులు ధరించినచో మూడు నెలల వఱకు శిక్షయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. అనగా మోసముచేయు నుద్దేశము లేనిది నేరము లేదు. మా విద్యార్థి నేరస్థుడు కాడు. 2022 జనవరి 15న, సైనికదినోత్సవమునాడు, మన సైన్యము క్రొత్త యచ్చు దుస్తులను ప్రదర్శించి, పిమ్మట ఆ యచ్చును తన సొంతముగా నమోదు చేయించుకొని, అవి బజారులో దొరకవని ప్రకటించెను. దేశమును కాచువారు తమ బట్టను తామే కాచుకొనవలసిన దశ వచ్చినది. బార్బడోసు, జమైకా మొదలైన ద్వీపదేశములలో పౌరులు ఈ మరకలబట్ట తొడుగుటయే నిషిద్ధము. మేము అట్టి చట్టమును కోరము. కూడలిలో పోలీసు నిలిచి కుఱ్ఱవాండ్ర చొక్కాలు విప్పించు రాజ్యము, చొక్కాలకంటె నెక్కువ చెఱుపు చేయును. ఇంటిలో చెప్పవలసినదానిని ఠాణాకు అప్పగించుట గృహస్థుని ధర్మము కాదు.

మాయెదుట వచ్చు ఆక్షేపణలకు ఇక జవాబు చెప్పెదము.

మొదటిది: ఈ బట్ట మన్నికగలది, మాపు కనబడదు, బీదవానికి అగ్గువకు దొరకును. ఇది నిజము. తోపుడుబండిమీద నూటయేబది రూపాయలకు లాగు కొని యిటుకబట్టీలో పనిచేయువానిని, రాత్రి కావలివానిని, గొఱ్ఱెల కాపరిని మేము ఒక్కమాట అనము. వారు బట్ట కొనిరి, వీరత్వము కొనలేదు. నాలుగువేలు పెట్టి యెండలో జర్కిను తొడుగువాడు కొన్నది బట్ట కాదు. కోటునకు తగిన వెల పోగా మిగిలిన రూపాయలు దేనికి చెల్లించెనో వానినే అడుగుడు.

రెండవది: ఇది దేశభక్తి. అట్లనువారికి ఒక చిన్న పరీక్ష పెట్టెదము. 1949 నుండి యేటేట డిసెంబరు 7న సాయుధదళముల పతాకదినము జరుగుచున్నది. ఆనాడు పోగుచేసిన విరాళములు మాజీ సైనికులకు, యుద్ధములలో మగనిని కోల్పోయిన స్త్రీలకు, వారి బిడ్డలకు వినియోగపడును. కోటు తొడిగిన యువకులను తొమ్మండ్రుగురిని మేము ఈ దినమేదని యడిగితిమి, ఒక్కడును చెప్పలేదు. కోటు తయారుచేయు దేశమేదో, దాని రాయితీ యెంతయో తొమ్మండ్రుగురును చెప్పిరి. ఈ తొమ్మండ్రుగురితో దేశమును తూచము. కాని చదువరులు తమ యింటిలో నిదే ప్రశ్న వేసి చూచుకొందురు గాక.

మూడవది: వస్తువు చేతులు మారినకొలది అర్థము మారును, అమెరికాలో ఈ కోటే యుద్ధమును నిరసించినవారి గుర్తయ్యెను గదా యని చదువుకొన్న కుఱ్ఱలు వాదింతురు. మంచిది. 1971 ఏప్రిలులో వియత్నాము యుద్ధమునుండి తిరిగి వచ్చిన సైనికులు ఆ దేశపు రాజధానిలో, శాసనసభాభవనము మెట్లయొద్ద, తమ పతకములను తామే విసరివేసిరి. వారిలో చాలమంది యొడలిపై సైనికదుస్తులే యుండెను. ఆ దుస్తులలో నిలిచి 'ఈ యుద్ధము తప్పు' అనుటకు వారికి నధికారమిచ్చినది ఆ దుస్తులలో వారు చూచిన చావు. వారి మాటను ఒప్పుకొనినను, ఒప్పుకొనకున్నను, దానిని వారు వెల యిచ్చి సంపాదించిరి. ఆ వెల రాయితీ దుకాణములో చెల్లదు.

నాలుగవది: వేషము వేయుట మన కళలలో లేదా? పగటివేషగాండ్రు రాజులు కాలేదా, పోలీసులు కాలేదా? అయిరి. కాని పగటివేషగాడు వేషము వేసి, మన యింటిముందు నిలిచి, తన విద్య చూపి, కుంచెడు గింజలు పుచ్చుకొని, సాయంకాలము రంగు కడుగుకొనును. తాను వేషగాడనని వాడే చెప్పును. రంగు కడుగుకొనని వేషముతోనే మాకు పేచీ.

ఈ సందర్భమున మన పూర్వకథలలో రెండు మాకు తోచుచున్నవి. పంచతంత్రములో పులితోలు కప్పిన గాడిద కథ పిల్లలకందఱకును తెలియును. పరుల చేలు మేయుటకై యజమానుడు దానికి తోలు కప్పెను. అది ఓండ్రపెట్టి చచ్చెను. కథ విని మనము గాడిదను చూచి నవ్వుదుము. యజమానుని సంగతి మఱతుము. తోలు కప్పినవాడు వాడు. చేను మేసిన లాభము వానిది. దెబ్బలు మాత్రము గాడిదవి. నేడు మన పిల్లలకు తోలు కప్పుచున్న యజమానులు ఎవ్వరు? ప్రకటనలు వ్రాయువారు, సినిమాలు తీయువారు, కోట్లు అమ్మువారు, ఉత్సవములలో కొయ్యతుపాకులు పంచిన మావంటి ఉపాధ్యాయులు. రెండవది ఉత్తరగోగ్రహణము. అంతఃపురములో ఆడువారియెదుట ఉత్తరకుమారుడు పలికిన ప్రగల్భములు సామెతయైనవి. కవచము తొడిగి, రథమెక్కి, కౌరవసేనను కంటితో చూచిన క్షణమున వాడు రథము దిగి పరుగెత్తెను. వానిని పట్టి తెచ్చినవాడు బృహన్నల. ఆటపాటలు నేర్పు వేషమున నున్న యర్జునుడు. కవచము ఒకనియందు, శౌర్యము మఱియొకనియందు. ఆ సంగతిని తెలుగువాడు వేయేండ్లుగా వినుచు, నేటికిని కవచము కొనుటకే దుకాణమునకు పోవుచున్నాడు.

శౌర్యమునకు మన తెలుగునేల గొడ్డుపోలేదు. పశ్చిమగోదావరి మండలమున తాడేపల్లిగూడెము చెంత మాధవరమను నూరు కలదు. అక్కడివారు తరతరములుగా సైన్యమున చేరుటచేత దానికి 'మిలటరీ మాధవరము' అని పేరు వచ్చెను. సూర్యాపేటవాడైన కర్నలు బిక్కుమళ్ల సంతోష్‌బాబు 2020 జూను 15 రాత్రి గల్వాను లోయలో, ఎముకలు కొఱుకు చలిలో, తన పదునాఱవ బీహారు దళమునకు ముందు నిలిచి ప్రాణములిచ్చెను. ఆనాడు మన సైనికులు ఇరువదిమంది మరణించిరి. ఆయనకు మరణానంతరము మహావీరచక్ర మిచ్చిరి. చలికోటు ఆ లోయలో అక్కఱ. ఆ మరకలు ఆ లోయలో అక్కఱ. ఆయన తల్లి టెలివిజనులో మన బారాతులలోని మరకల కోట్లను చూచినచో ఏమి తలంచునో యని మేము పలుమాఱు ఆలోచించితిమి. మాకు జవాబు తోచలేదు. ఆలోచించుట మానుటకును మనసు రాలేదు.

మఱియొక జాతి యువకులు కలరు. వారినిగూర్చి మేము పరుషముగా వ్రాయజాలము. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఈ రహదారిమీద పరుగెత్తుచుందురు. సైన్యమున చేరుట వారి కోరిక. 2022 జూనులో నాలుగేండ్ల కొలువు గల 'అగ్నిపథ'మును ప్రకటించినపుడు, ఆశలు చెదరి, 17వ తేదీన సికింద్రాబాదు స్టేషనులో రైళ్లు తగులబెట్టినవారిలో ఇట్టివారు కలరు. కాల్పులలో ఒక యువకుడు మరణించెను. ఆ దహనమును మేము సమర్థింపము. కాని సైనికదుస్తులకొఱకు మూడేండ్లు పరుగెత్తి, ఎత్తు చాలకయో, వయసు మీఱియో వెనుకకు వచ్చినవాని యెదుట, ఆ దుస్తులనే నాలుగువేలకు కొని తొడిగి, అద్దములో చూచుకొని, బొమ్మ తీయించుకొను వాని సంగతి ఎట్టిదో చదువరులు తలంచుడు. ఒకడు కష్టపడి పొందలేకపోయినదానిని మఱియొకడు కష్టపడకయే పొందినట్లు నటించుచున్నాడు. ఇది దరిద్రునియెదుట విందు తిను నటనవంటిది. తినువానికి కడుపు నిండదు. చూచువానికి కడుపు మండును.

మా ప్రాంతమున ఈ జ్వరము హెచ్చుటకు వేఱొక కారణము గూడ కలదు. ముచ్చెర్ల చుట్టుపట్ల మొదట ఔషధనగరమనిరి. నేడు ఫ్యూచర్ సిటీ యనుచున్నారు. 2024 ఆగస్టులో మా మండలములోని మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయమునకు పునాదిరాయి పడెను. భూములకు వెలలు వచ్చినవి. కొన్ని యిండ్లలోనికి ఒక్కమాఱుగా సొమ్ము వచ్చినది. చేను పోయిన కుఱ్ఱవానికి తానెవ్వడో చెప్పుకొనుటకు మాట కఱవైనది. తండ్రి "రైతును" అనెడివాడు, వీడు ఏమనవలెను? ఆ ఖాళీని దుకాణము కనిపెట్టి, 'నీవు వీరుడవు' అని వాని భుజములమీద కోటు వేసెను. కావున ఆ కోటు విప్పించుట యొక్కటియే పని కాదు. దానిక్రింద ఏమి యున్నదో, ఏమి లేదో చూచి, వానికొక చేతిపనిని, ఒక గౌరవమును చూపవలసిన పని పెద్దలది. వట్టి తిట్లు తిట్టి యూరకుండువారు ఆ దుకాణదారునికంటె గొప్పవారు కారు. వాడు కోటైన నిచ్చెను.

చదువరులారా! మేము కోరునది కొంచెమే. పిల్లల పుట్టినదినమునకు ఈ మరకల జుబ్బా, ప్లాస్టికు తుపాకి కొనకుడు. ఎవరైన తెచ్చినచో ఆ బట్ట యేల పుట్టెనో పిల్లవానికి చెప్పుడు. ఉపాధ్యాయులారా! ఆగస్టు 15న పిల్లలచేత చావును ఆడింపకుడు. ఊరిలో విశ్రాంత సైనికుడుండినచో ఆయనను పిలిచి, ఆయన చెప్పినంత విని, చెప్పనిదానిని అడుగకుడు. వర్తకులారా! సైన్యపు గుర్తులు, పేర్లు, పతకములు కుట్టిన దుస్తులను మీ దుకాణములనుండి తీసివేయుడు. ఆ చిన్న నష్టమును మీరు భరింపగలరు. యువకులారా! డిసెంబరు 7న ఆ జర్కిను వెలలో పదియవ వంతు పతాకనిధికి పంపుడు. పంపినపిదప ఆ కోటు తొడుగవలెనని మీకు తోచినచో తొడుగుడు. మేము మఱల అడుగము.

మొన్న కార్తీకమాసమున మా విద్యార్థి మఱల కనబడెను. ఒంటిమీద మామూలు చొక్కా. జర్కిను ఏమాయెనని మేము అడుగలేదు, వాడే చెప్పెను: "బాపు తొడుక్కుంటుండు సార్. మక్కచేన్ల పందులకు కావలి పంటుండు. చలికి మంచిగున్నదంట." మాకు చాల సంతోషమయ్యెను. మంచెమీద, మంచులో, చీకటిలో, ఎవ్వరికిని కనబడక, తన చేనును తాను కాచుకొను రైతు భుజములమీదకు ఆ కోటు చేరినది. నాలుగు జేబులలో ఒకదానిలో బీడీకట్ట, ఒకదానిలో టార్చిలైటు పెట్టుకొనుచున్నాడట. తక్కిన రెంటిలో నేమున్నదో మేము అడుగలేదు.